గార్ల ట్రంకాలు, సారు ధ్యానం

ఊపిరి తీసుకోమని గుర్తు చేయడానికి ఇప్పుడు సెల్‌ఫోన్లున్నాయి. మా కాలంలో ఆ పనికి ఒక సూపర్‌వైజర్ ఉండేవాడు.

పక్క పోర్షన్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ పిల్ల ఫీజు కట్టి మరీ ధ్యానం క్లాసుకు పోతుంది. మొన్న నా దగ్గర కూర్చుని, "ఆంటీ, మనసు కోతి లాంటిదట, ఒక కొమ్మ వదిలి ఇంకో కొమ్మ పట్టుకుంటుందట" అని కొత్త సంగతిలా చెప్పింది. నాకా సంగతి మీ అమ్మ లంగాజాకెట్టు వేసుకునే రోజుల్లోనే, డ్యూటీలో, ఉచితంగా చెప్పారు తల్లీ అన్నాను. నమ్మలేదు. టెలిఫోన్ ఆపరేటర్లకు ధ్యానం నేర్పేవాడు ఎవడుంటాడని నవ్వింది. ఉన్నాడు. ఆ పిల్ల కోసం, ఆమె ఈడు వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. ఊరి పేరు కూడా రాయను, మానుకోట దిక్కు అనుకోండి చాలు. ఇందులో ఉన్నవాళ్ళ పిల్లల్లో కొందరు ఇప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్ళతో నాకెందుకు పంచాయితీ.

నేను జనగామ పిల్లను. అరవై తొమ్మిది తెలంగాణ లొల్లిలో కాలేజీలు మూతబడితే నా చదువు అక్కడే చతికిలబడింది. మా తమ్ముడు మాత్రం ఆ ఏడాదంతా రోడ్డు మీదే చదువుకున్నాడు, రాళ్ళు పట్టుకుని. తర్వాత కొన్నేళ్ళకు నేను కిందా మీదా పడి టెలిఫోన్ ఆపరేటర్‌నయ్యాను. ఇంట్లో వాళ్ళకు భలే సంతోషం. పిల్ల నోరు పెద్దది, దానికి తగ్గ ఉద్యోగమే దొరికిందన్నారు.

మా ఎక్స్ఛేంజి అంటే ఒక గది. గోడకు ఆనించిన బోర్డు, దాని ముందు రెండు కుర్చీలు, వెనక ఒక సూపర్‌వైజర్ బల్ల. ఎవరైనా ట్రంకాలు, అంటే పై ఊరికి ఫోను, బుక్ చేస్తే మేము వరంగల్లునో ఖమ్మాన్నో పట్టుకుని, ఈ తీగ ఆ రంధ్రంలో పెట్టి ఇద్దర్నీ కలపాలి. కలిపాక మాట మా చెవికి రాకుండా మీట వెనక్కి వేసి తప్పుకోవాలి. వాళ్ళ మాటలు వినకూడదు, మూడు నిమిషాలు కాగానే తెంపాలి. అది రూలు.

రూలు రాసినాయన ఢిల్లీలో ఉండేవాడు. మా తీగలేమో కేసముద్రం చేలగట్ల మీద ఉండేవి. వానొచ్చినా, గాలొచ్చినా, గట్టిగా నాలుగు కాకులు వాలినా అవతలి మాట వినబడేది కాదు. బోర్డు దగ్గర ఉన్న మాకు మాత్రం రెండు దిక్కుల మాటా అంతో ఇంతో అందేది, మేము మాట్లాడితే ఇద్దరికీ వినబడేది. అందుకని నడుమ కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు అందించేవాళ్ళం. అందులో మాకొక పద్ధతి ఉండేది. "ఆయన రేపొస్తనంటాండు" అని చెప్పం. "రేపొస్తున్న" అని ఆయనే అన్నట్టు అంటాం. ఎవరు, ఎక్కడ, నువ్వెవరు అని అటువాళ్ళు నస పెట్టకుండా టైము కలిసొస్తుంది. అట్లా నేను రోజుకొకరి పెళ్ళాన్ని, ఒకరి తమ్ముణ్ణి, ఇంకొకరి పత్తి దలాల్‌ని. ఒకే కాల్‌లో అత్తనూ కోడల్నీ అయిన రోజులున్నాయి. "నీ కొడుకును నువ్వే పెట్టుకో" అని నా నోటితోనే అని, "పెట్టుకుంట పో" అని నేనే జవాబిచ్చుకున్నాను. దానికి అలవెన్సేమీ లేదు.

నాతోపాటు పగటి డ్యూటీలో ఒక పెద్దక్క ఉండేది. కేసముద్రం దగ్గరి క్రైస్తవుల ఇంటి ఆడబిడ్డ, సర్వీసులో నాకంటే చాలా ముందు. రాత్రి డ్యూటీకి ఒక అన్న. ఆయన నిద్రలో కూడా "నంబర్ ప్లీజ్" అనగలడు. అనడమంతా నిద్రలోనే.

మా మీద సూపర్‌వైజర్‌గా కోస్తా నుంచి ఒక సారు బదిలీ అయి వచ్చాడు. నలభై దాటాయి, పెళ్ళి కాలేదు. కోపం ముక్కు మీద కాదు, మొహమంతా ఉండేది. మా భాష ఆయనకు రోజూ పొద్దున టిఫిన్‌తో పాటు కావాలి. "గిట్ల, గట్ల, ఏంది" అని మమ్మల్ని వెక్కిరించి, ప్యూన్ నవ్వేదాకా ఊరుకునేవాడు కాదు. "ఇలా, అలా అనండమ్మా, నోరేమీ అరిగిపోదు" అనేవాడు. పెద్దక్క ఒకసారి, "మీరు 'చెప్పండి అండీ, వినబడుతోందా అండీ' అనేలోగ మూడు నిమిషాలైపోతయి సారు. పైసలు కట్టెటోళ్ళు మావోళ్ళు" అంది. ఆ వారమంతా ఆమెకు మధ్యాహ్నం చాయ్ టైము దొరకలేదు.

అటువంటి సారు ఒక ఎండాకాలం సెలవు పెట్టి హైదరాబాద్‌లో ధ్యాన శిబిరానికి పోయాడు. పది రోజులు ఒక్క మాట మాట్లాడకూడదట. ఆ పది రోజులు మా ఎక్స్ఛేంజిలో ఎంత శాంతి ఉండెనో చెప్పలేను. అందుకే బుద్ధుడి మార్గం మీద మాకు మొదట్లో చాలా మంచి అభిప్రాయం ఉండేది.

ఆయన తిరిగొచ్చాక అది కొంచెం తగ్గింది. మీసం తీసేసి వచ్చాడు. డ్యూటీకి ముందు మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. ముక్కు దగ్గర ఊపిరి వస్తున్నది, పోతున్నది, అంతే చూడమన్నాడు. మనసు అటూ ఇటూ పోతే తిట్టకుండా మెల్లగా వెనక్కి తెచ్చుకోవాలట. మమ్మల్ని తిట్టకుండా ఏనాడూ వెనక్కి తేని మనిషి ఈ మాట అనడం నాకు నచ్చింది. పెద్దక్క ఒక కన్ను తెరిచి, "మా పాస్టరు గూడ కండ్లు మూసుకోమంటడే. కని తెరిచేసరికి చందా సంచి ముంగట ఉంటది" అని గుసగుసలాడింది. రాత్రి అన్న కూర్చున్నంతసేపూ గురక పెట్టి, లేపితే "సాధన సార్" అన్నాడు. సారు మెచ్చుకున్నాడు.

అన్నీ అనిత్యం, దేన్నీ అంటుకోవద్దు, నేను అనేది ఉత్త భ్రమ. ఇవి ఆయన రోజూ చెప్పే మాటలు. పెద్దక్క కొడుక్కు జ్వరమొచ్చి సెలవడిగితే, "జ్వరం కూడా అనిత్యమే కదమ్మా" అని కాగితం పక్కన పెట్టాడు. నెలాఖరు మాత్రం అనిత్యం కాదు, ఆ రోజు రిపోర్టు ఆయన బల్ల మీద ఉండాల్సిందే. ఇంకొకటి మైత్రి. ప్రతి కాల్ కలిపే ముందు ఆ మనిషి సుఖంగా ఉండాలని మనసులో అనుకోవాలి. కేసముద్రం మార్కెట్ టైములో పత్తి దలాల్ లైన్ మీద ఉన్నాడు, నేను కళ్ళు మూసుకుని ఆయన సుఖం కోరుతున్నాను. "ఓ అమ్మా, సచ్చినవా బతికినవా? రేటు పడిపోతాంది!" అని ఆయన అరిచాడు. నా దీవెన ఆయనకు అందలేదు.

ఇవన్నీ నవ్వుకుని భరించాం. అబద్ధమెందుకు, ఆయన అరుపులు తగ్గాయి కూడా. అసలు చిక్కు చివరి రూలుతో వచ్చింది. ఇకనుంచి ఎవ్వరి మాటా వినొద్దన్నాడు.

"చెవిలో పడ్డ మాట మనసులో పడుతుంది, మనసులో పడితే వేరు పోస్తుంది. కలపండి, మీట వెయ్యండి, మీ ఊపిరి మీరు చూసుకోండి" అన్నాడు.

"లైను బాలేకపోతే మాట అందించేదెవరు సారు?" అన్నాను.

"వాళ్ళే మళ్ళీ బుక్ చేసుకుంటారు. కోరికే కదమ్మా దుఃఖానికి మూలం."

"ట్రంకాలు కోరిక కాదు సారు, అవసరం."

"ఆ రెండింటికీ తేడా ఉందనుకోవడమే అవిద్య" అన్నాడు. కాలేజీ నడుమే ఆగిపోయినదాన్ని, అవిద్య అంటే నాకేం జవాబుంటుంది.

ఆ వానాకాలం ఒక రోజు. పొద్దుట్నుంచీ ముసురు. పెద్దక్క సెలవు దొరక్కపోతే తనే తీసుకుని ఇంటి దగ్గర ఉండిపోయింది. పొద్దున వరంగల్ ఆపరేటర్ నాకొక కబురందించింది. గార్ల దగ్గరి ఒక రైతు బిడ్డ కాన్పుకు వచ్చి అక్కడ దవాఖానలో ఉంది, కష్టంగా ఉంది, డాక్టర్ ఆ తండ్రితో మాట్లాడాలట, ఆయన్ను గార్ల పోస్టాఫీసుకు పిలిపించమని. నేను గార్ల పోస్ట్‌మాస్టర్‌కు చెప్పాను. ఆయన మనిషిని పంపాడు. మధ్యాహ్నం అయింది, నేను సద్ది తినడానికి వెనక గదిలోకి పోయాను. సారు బోర్డు ముందు కూర్చున్నాడు.

నేను చేయి కడుక్కుని వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. మీట వెనక్కి వేసి ఉంది. మూడు నిమిషాలు కాగానే కళ్ళు తెరిచి, చిరునవ్వుతో, తీగలు పీకేశాడు. అంత ప్రశాంతంగా కాల్ తెంపిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

వెంటనే గార్ల నుంచి గంట మోగింది. నేనందుకున్నాను.

"ఏందమ్మా గిది?" అన్నాడు పోస్ట్‌మాస్టర్. "ఒక్క ముక్క వినబడలే. హలో హలో అని మొత్తుకునుడే అయింది. ఎప్పటిలెక్క మీరు అందుకుంటరనుకున్నం. ఈ పెద్దమనిషి గోడకు ఒరిగి కూసున్నడు. బిడ్డ పానం మీదికొచ్చిందట, జర జల్ది చూడుండ్రి."

సారు వైపు తిరిగి ఉన్నదున్నట్టు చెప్పాను. అన్నీ అనిత్యమే కదా సారు అని కూడా నోటి దాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను. నెత్తురు చుక్క లేదు.

వరంగల్‌ను పట్టబోయాను. పట్టనివ్వలేదు, హెడ్‌సెట్ లాక్కుని తనే పిలిచాడు. అక్కడి ఆపరేటర్ లైన్లన్నీ బిజీ, గంట పడుతుందని అంది. "గంటేమిటమ్మా గంట! మనిషి పోతుంటే! ఎవరిదైనా తెంపు, నా పేరు చెప్పు, ఇవ్వు లైను!" అని గది అదిరేట్టు అరిచాడు. శిబిరం నుంచి వచ్చాక అదే మొదటి అరుపు. ఆ అరుపు వినబడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా సారు తిరిగొచ్చాడనుకున్నాను.

లైన్ దొరికింది. అదే గరగర. గార్లకూ దవాఖానకూ నడుమ ఈసారి మీట వెయ్యకుండా ఆయనే కూర్చున్నాడు. పక్క కుర్చీలో నేను. నాకు వినబడింది ఆయన నోటి మాటే.

ముందు డాక్టర్ మాట గార్లకు చెప్పాడు. "నేను డాక్టర్ని. కడుపులో బిడ్డ పోయింది. మీ అమ్మాయికి రక్తం ఆగడం లేదు. గర్భసంచి తీసెయ్యాలి. తీసేస్తే ఇక పిల్లలు పుట్టరు. ఇక్కడ అత్తగారు వద్దంటున్నారు. అల్లుడు భూపాలపల్లి అడవిలో కట్టె కొట్టే కూపు పనికి పోయాడట, కబురు అందలేదు. తండ్రిగా మీరు సరేనంటే చేస్తాను."

గార్ల నుంచి ఏదో విన్నాడు. డాక్టర్ వైపు మాట్లాడాడు. "తీసేస్తే బతుకుతదా సారు?"

బతుకుతదా అన్నాడు. బతుకుతుందా అండీ అనలేదు. ఎట్లా విన్నది అట్లాగే అందించాడు. ఇంత కాలానికి పద్ధతి నేర్చుకున్నాడే అనుకున్నాను.

మళ్ళీ విని, గార్లకు చెప్పాడు. "చెప్పలేను. తీయకపోతే మాత్రం బతకదు."

ఆ చోట నేనుంటే "బతుకుతది" అనేసేదాన్ని. ఏం పోయింది, ఒక ముసలాయనకు ధైర్యం. ఆయన అనలేదు. డాక్టర్ ఎంతన్నాడో అంతే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, అక్కడ కూడా సత్యవ్రతమేనా అని.

తర్వాత గార్ల నుంచి ఏమీ వచ్చినట్టు లేదు. సారు రెండు చేతులతో హెడ్‌సెట్‌ను చెవులకు అదిమి పట్టుకున్నాడు. "నాకు టైము లేదు, ఏదో ఒకటి చెప్పండి" అని డాక్టర్ మాట ఇంకోసారి అందించాడు. మళ్ళీ ఎదురుచూశాడు. నేను ఊపిరి తీసుకోవడం మరిచిపోయాను. నేర్పినాయన పక్కనే ఉన్నా గుర్తు రాలేదు.

అప్పుడు ఆయన మాట్లాడాడు.

"తీసెయ్యి సారు. పిల్లలు లేకుంటే లేకపాయె. నా బిడ్డ నాగ్గావాలె. ఎవలేమన్న నేను జూసుకుంట. నువ్వు జల్ది జెయ్యి."

పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. "నా బిడ్డ" అన్నప్పుడు ఆయన గొంతు పగిలింది. అచ్చం గార్ల మాట, ఒక్క అక్షరం తప్పు పోలేదు. మా భాష భలే వచ్చింది సారు మీకు అని ఆటపట్టిద్దామనుకున్నాను. కానీ లేచి కూజా దగ్గరికి పోయాను. కాల్ అయిపోయాక ఆయన హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే తాగాడు. ఆ రోజు మళ్ళీ కళ్ళు మూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే, నేనింకా చెప్పులు విప్పకముందే, వరంగల్‌ను పట్టుకుని ఆ దవాఖాన కేసు ఏమయిందని అడుగుతున్నాడు. ఏదీ అంటుకోవద్దన్న మనిషి. బతికిందని చెప్పారు. "అలాగా" అని పెట్టేశాడు, ఏదో బస్సు టైము కనుక్కున్నట్టు. కాసేపయ్యాక పెద్దక్క సెలవు కాగితం వెతికి తీసి సంతకం పెట్టాడు. ఆ తర్వాత, "లైను బాగా లేనప్పుడు వినాలమ్మా, ఆ మాత్రం తెలియదా మీకు?" అని మా మీదే విసుక్కున్నాడు. ఇన్నాళ్ళూ వినకుండా ఉన్నది మేమేనన్నట్టు.

ముసుర్లు తగ్గాక ఒక మధ్యాహ్నం ఆ తండ్రి మా ఎక్స్ఛేంజికి వచ్చాడు. ముతక పంచె, భుజాన తువ్వాల, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. ఎవరు కావాలంటే, "వానల గార్లకు డాక్టర్ మాట అందించిన సారు ఎవలమ్మా?" అన్నాడు. పల్లెల వాళ్ళు మేలు మరిచిపోరు, ఏ పచ్చజొన్నలో తెచ్చి ఉంటాడని చేతుల వైపు చూశాను. చేతుల్లో ఏమీ లేదు. పెద్దక్క స్టూలు జరిపింది. సారు బల్ల ముందు కూర్చున్నాడు.

తువ్వాల అంచు రెండుసార్లు మడతపెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు.

"సారు, ఆనాడు నేనేమన్లే."

సారు తలెత్తలేదు.

"నా పక్కన మా వియ్యంకుడు నిలబడ్డడు. 'సంచి తీసెయ్యమన్నవంటే నీ బిడ్డను నీ ఇంట్లనే ఉంచుకో' అన్నడు. నాకు నోరు రాలే సారు. నేను గట్లనే నిలబడ్డ. గంతల ఫోన్ల ఎవలో నా లెక్కనే మాట్లాడుతాండ్రు. తీసెయ్యి, నా బిడ్డ నాగ్గావాలె అని. నేను ఇంటాన్న. ఆపుదమనుకున్న. ఆపలే."

నేనూ పెద్దక్కా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు గార్ల నుంచి ఆ మాట రానే లేదు. ఆపరేటర్ కుర్చీలో కూర్చుని, ముక్కూ మొహం తెలియని ఆడపిల్ల ఒంటి మీద కత్తి పెట్టడానికి, తండ్రినని చెప్పి సరేనన్నది మా సారు. ఇది పైకి తెలిస్తే ఉద్యోగం పోవడం చాలా చిన్న సంగతి. ఆయనకు ఆ సంగతి అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. పిటిషన్ పెట్టడానికే వచ్చాడీ మనిషి అనుకున్నాను.

"బిడ్డ ఇంటికొచ్చింది" అన్నాడు ఆ తండ్రి. "వాళ్ళు తీస్కపోమన్నరు, తెచ్చుకున్న. మంచిగనే ఉన్నది. బర్రె పాలు పిండుతాంది, బువ్వ తింటాంది. మొన్న నా పక్కన కూసోని, 'బాపూ, ఆనాడు నువ్వు గట్ల అనకపోతే నేను మట్టిల కలిసిపోదును' అన్నది. నేనే అన్ననని అనుకుంటాంది సారు." తువ్వాలతో మొహమంతా తుడుచుకున్నాడు. "నాకు ముద్ద దిగుతలేదు. ఉన్నది చెప్పాల్నంటే నోరస్తలేదు. చెప్పకుంటే దాని మొకం చూడలేకపోతున్న. మీరు సదువుకున్నోళ్ళు. నన్నేం జెయ్యమంటరు?"

సారు ఇక ఉపన్యాసం మొదలుపెడతాడని ఎదురుచూశాను. అడిగి మరీ వచ్చిన శిష్యుడు దొరికాడు కదా. ఆయన లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆ స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మీరే అన్నారు" అన్నాడు.

"నేనన్లే సారు."

"లైన్లో ఒకటే గోల. మీరు బెంబేలు పడి ఉన్నారు, మీకు గుర్తు లేదు. నేను విన్నాను. నా చెవులతో విన్నాను."

ఆ తండ్రి ఆయన కళ్ళలోకి చూశాడు. సారు చూపు తిప్పుకోలేదు.

"ఏమన్న నేను?" అన్నాడు చివరికి, చిన్నగా.

"'తీసెయ్యి సారు. పిల్లలు లేకుంటే లేకపాయె' అన్నారు."

"పిల్లలు లేకుంటే లేకపాయె" అన్నాడు ఆయన.

"'నా బిడ్డ నాగ్గావాలె' అన్నారు."

ఆయన పెదవులు కదిలాయి.

"నా బిడ్డ నాగ్గావాలె" అన్నాడు. ఇంకోసారి, గట్టిగా అన్నాడు. బోర్డు మీద ఎవరిదో గంట మోగుతూనే ఉంది, మేమెవ్వరం లేవలేదు.

"అవును సారు" అన్నాడు ఆ తండ్రి. "అన్న. నేనే అన్న."